ఎడమవైపు

అత్తిలి షష్ఠి తీర్థం అయిన తొమ్మిదో రోజు, మధ్యాహ్నం మూడు గంటల వేళ. ఏలూరులో సాము గురువు కోదండరామయ్య ఇంటి అరుగు. పదిహేనేళ్ళ క్రితం తనకు మొదటి కర్ర చేతికిచ్చిన ఆ మనిషి ముందు, కొల్లేటి లంక నుంచి ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చిన చిన్నరాజు కూర్చోకుండా నిలబడ్డాడు. గురువుగారి భార్య సూర్యకాంతం గుమ్మంలో ఉంది.

"ముందు కూర్చోరా చిన్నరాజూ. కూర్చుని అడుగు."

"నిలబడే అడుగుతానండి."

"కాలు లాగేస్తుందిరా. పడవ దిగి ఇంతదూరం నడిచొచ్చావు."

"నా కాలు సంగతి వదిలెయ్యండి గురువుగారూ. తాతాజీ చెప్పింది నిజమా, కాదా? ఒక్కమాట చెప్పండి చాలు."

"తాతాజీ నీకెక్కడ కనిపించాడు?"

"కనిపించడం కాదండి. నేనే వెళ్ళాను. నిన్న రైలెక్కి గూడెం వెళ్ళాను."

"తాడేపల్లిగూడెం దాకానా? పనిగట్టుకునా?"

"ఆయ్. పనిగట్టుకునే. నాతోపాటు మీ దగ్గర నేర్చుకున్నవాడు. గుండుగొలనులో మొట్టమొదటిసారి జనంలో నాతో కర్ర కలిపి ఓడిపోయినవాడు. వాణ్ణి కాకపోతే ఇంకెవణ్ణి అడగనండి?"

"వాడేమన్నాడు?"

"మీకు తెలుసండి."

"వాడేమన్నాడో నాకెలా తెలుస్తుందిరా? నువ్వు చెప్పు."

"నేను ఓడిపోలేదురా, పడిపొమ్మన్నారు, పడిపోయాను అన్నాడండి."

"సూర్యకాంతం, వీడికి మజ్జిగ తీసుకురా."

"తెస్తానండి. ఆ పిల్లాడికెలా ఉంది నాయనా, నీ శిష్యుడు రామకోటికి? ఇవాళేమన్నా కూర్చున్నాడా?"

"మజ్జిగ తెమ్మన్నాను నిన్ను."

"తెస్తాననే అన్నాను కదండీ. అడిగితే తప్పేముంది?"

"కూర్చోలేదండి అమ్మగారూ. మోకాలిచిప్ప మూడు ముక్కలయిందంట. కట్టు విప్పితే గానీ ఏమీ చెప్పలేమంటున్నారు డాక్టరుగారు. విప్పినా చెప్పడానికేమీ ఉండదని కాంపౌండరు నాతో విడిగా అన్నాడు."

"అయ్యో. అది మంచికాలేగా."

"ఆయ్. మంచికాలేనండి. రెండోది నాలాంటిదే, మీకు తెలుసుగా. ఇంక వాడికి కాలన్నది లేదు."

"చూడు చిన్నరాజూ, సాము అన్నాక దెబ్బలు తగులుతాయి. నాకు తగల్లేదా? ఇదిగో ఈ భుజం, చూడు, ఇప్పటికీ చలికాలం వస్తే పైకి లేవదు. దానికోసం నువ్వు గూడెం వెళ్ళి తాతాజీని అడగడమేంటి? తాతాజీకి నువ్వంటే మొదట్నించీ కడుపుమంట."

"అయితే వాడు అబద్ధం చెప్పాడా అండి?"

"నేనలా అనలేదు."

"నిజం చెప్పాడా?"

"అలా కూడా అనలేదు. అసలు నీకు ఇప్పుడెందుకు వచ్చింది ఈ అనుమానం? ఎన్నేళ్ళయింది ఆ గుండుగొలను సంగతి."

"ఎందుకొచ్చిందో చెప్పమంటారా? చెప్తాను. మీరు షష్ఠికి అత్తిలి రాలేదుగా."

"ఒంట్లో బాగాలేదని చెప్పి పంపానుగా."

"నేనున్నానండి. సాముకని గీసిన గిరిలోపల నేను నిలబడాల్సింది. రామకోటి బతిమాలాడు, ఈసారి నన్ను దిగనివ్వండి అని. వాడికి ఇరవై ఏళ్ళు. నేను మొదటిసారి దిగినప్పుడు నాకూ ఇరవయ్యే. వాళ్ళమ్మ దుర్గమ్మ కూడా వచ్చింది, కొడుకు గెలిస్తే చూద్దామని. సరే దిగమన్నాను. రెండే దెబ్బలండి గురువుగారూ. రెండే. మొదటిది ఎడమ డొక్కలో. వాడు వంగాడు. రెండోది కుడి మోకాలి మీద. వీడి కర్ర ఇంకా ఒక చుట్టు తిరగలేదు."

"అవతలివాడు గట్టివాడై ఉంటాడు."

"గట్టివాడేనండి. అత్తిలి వెంకట్రాజు. అతను మీకు తెలుసా?"

"పేరు విన్నాను. మనిషినెప్పుడూ చూడలేదు."

"అదేంటండి అమ్మగారూ, చెయ్యి తగిలిందా?"

"ఏం లేదు నాయనా. చెంబు జారింది. కాస్త ఒలికింది, అంతే. ఇదిగో, తాగు."

"అక్కడ పెట్టండమ్మా. తరవాత తాగుతాను. ఆ వెంకట్రాజు ఉన్నాడే, అతను రామకోటి కర్ర వంక చూడలేదండి. ఎవడైనా కర్ర చూస్తాడు. కర్ర చూస్తాడు, లేకపోతే కళ్ళు చూస్తాడు. అతనలా కాదు. గిరిలోకి దిగడం దిగడమే ఎడమవైపుకి వచ్చేశాడు. తన ఇంట్లోకి తాను నడిచొచ్చినట్టు వచ్చేశాడు."

"సాము తెలిసినవాడికి ఎక్కడ ఖాళీ ఉందో కనపడుతుందిరా."

"అదేనండి. అదే మాట అక్కడొక పెద్దాయన కూడా అన్నాడు. రామకోటిని బండిలో పడుకోబెడుతుంటే నా దగ్గరికొచ్చి, బాబూ, వీడికెవరు నేర్పారు ఇలా నిలబడ్డం, ఎడమవైపంతా తలుపు తీసిపెట్టినట్టుంది అన్నాడు. నేనే నేర్పానండి అన్నాను. నువ్వూ ఇలాగే నిలబడతావా అన్నాడు. ఇలాగే నిలబడి పదకొండు చోట్ల గెలిచానండి అన్నాను. ఆయన నన్ను పైనించి కిందికి చూసి, వెళ్ళిపోయాడు. ఒక్కమాట అనలేదు."

"ముసలాళ్ళు సవాలక్ష అంటారు."

"ఈ ఊరి ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను అదే ఆలోచించానండి. పదకొండు చోట్ల. పదకొండు మంది. అంత బారుగా తలుపు తీసి ఉంటే ఒక్కడంటే ఒక్కడు ఎందుకు లోపలికి రాలేదు? వాళ్ళంతా గుడ్డివాళ్ళా? అందుకని గూడెం వెళ్ళాను. ఇప్పుడు చెప్పండి."

"ఏం చెప్పమంటావు?"

"పడిపొమ్మన్నారా తాతాజీని?"

"ఆ రోజు గుండుగొలనులో జనం ఎలా ఉన్నారో గుర్తుందా నీకు?"

"పడిపొమ్మన్నారా, లేదా?"

"గుర్తుందా అని అడుగుతున్నాను. నువ్వు గిరిలోకి దిగుతుంటే ఒకడు అరిచాడు, ఆ కర్ర ఊతకా, సాముకా అని. ఊరంతా నవ్వింది. ఆడాళ్ళు కూడా నవ్వారు. నీ మొహం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ఆ మొహంతో నిన్ను ఓడిపోనిచ్చి ఇంటికి తీసుకెళ్ళమంటావా? మళ్ళీ కర్ర ముట్టుకునేవాడివా నువ్వు?"

"అంటే అన్నారు."

"అన్నాను. అవును. తాతాజీ చెవిలో అన్నాను. వాడు నా శిష్యుడే, నువ్వూ నా శిష్యుడివే. ఎవడు గెలిస్తేనేం నాకు? నువ్వు గెలవాలనిపించింది. తప్పా?"

"మరి భీమడోలు?"

"భీమడోలు సంగతి వదిలెయ్."

"భీమడోలు కూడానా అండి?"

"చిన్నరాజూ."

"అక్కడ నాతో దిగింది మీ శిష్యుడు కాదు. వాళ్ళ ఊరివాడు. రామాలయం దగ్గర పావుగంట పైగా ఆడాం."

"పావుగంట ఆడమనే చెప్పాను. వాళ్ళ గురువు నాకు తెలిసినాయన."

"గూడెం?"

"అదీ."

"కైకలూరు?"

"అదీ అనుకో."

"అనుకోవడమేంటండి? అదీనా, కాదా?"

"అదీ. అన్నీ అంతే. ఊళ్ళవాళ్ళు నా దగ్గరికొచ్చి, మీ కుంటి చిన్నరాజుని తీసుకురండి అని అడిగేవారు. నన్నడిగేవారు కాదు. నిన్నే. నువ్వు గెలిస్తేనే వాళ్ళకి ముచ్చట. కుంటివాడు కాళ్ళున్నవాణ్ణి పడగొట్టాడంటే పదేళ్ళు చెప్పుకుంటారు. ఓడితే ఏముంది అందులో? ఎవడు చూస్తాడు?"

"వాళ్ళు చూడ్డానికి నేను గంగిరెద్దునా అండి?"

"ఆ మాట నేనన్నానా? నీ మీద జాలితో చేశాను."

"చింతలపూడి?"

"అన్నీ అంతేనన్నానుగా."

"చింతలపూడి చెప్పండి. అక్కడ నాకు తల పగిలింది. ఇదిగో మచ్చ. నెత్తురు కంట్లో పడుతుంటే ఆడాను. వాడు మెట్టప్రాంతం మనిషి, ఎద్దులా ఉన్నాడు. నిన్న రైల్లో తిరిగొస్తూ అన్నీ పోయినా అదొక్కటీ ఉందిలే అనుకున్నాను. అదీ మీరే చెప్పారా?"

"చెప్పాను."

"ఏవండీ, చింతలపూడి మీరెళ్ళలేదుగా."

"నిన్నెవరడిగారు?"

"వెళ్ళలేదండీ. నాకు బాగా గుర్తు. మీకు జ్వరం. పదకొండు రోజులు మంచం దిగలేదు. కషాయాలు కాచి పోశాను. చిన్నరాజు ఒక్కడే వెళ్ళాడు, తలకి గుడ్డ చుట్టుకుని వచ్చాడు, మీ మంచం పక్కన నిలబడి గెలిచానండి అన్నాడు. మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు."

"కబురు పంపాను వాళ్ళకి."

"ఎవరితో పంపారండీ?"

"ఎవరితోనో పంపాను. నీకు లెక్క చెప్పాలా? లోపలికెళ్ళు నువ్వు. మగాళ్ళు మాట్లాడుకుంటుంటే."

"వెళ్తానండి."

"గురువుగారూ. నిజంగా పంపారా కబురు?"

"పంపాననే అంటున్నానుగా. దాని మాటలేం వింటావు, దానికి నిన్నటిదే గుర్తుండదు. చూడరా, ఒకటి అబద్ధం, ఒకటి నిజం అని నువ్వు ఏరుకుంటూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. అన్నీ నేనే చేశాను అనుకో. నా మీద పెట్టెయ్. నీకు తేలిగ్గా ఉంటుంది."

"తేలిగ్గానా అండి?"

"కూర్చో ముందు. ఆ కాలు వణుకుతోంది."

"ఇది ఎప్పుడూ వణుకుతుందండి. గురువుగారూ, ఇంకొక్కటి అడుగుతాను. నేను మీ దగ్గరికొచ్చిన కొత్తల్లో ఎలా నిలబడేవాణ్ణి?"

"ఏమో, ఎవడికి గుర్తు?"

"నాకు గుర్తుందండి. దోనెలో నిలబడి గెడ వేసేవాడిలాగ నిలబడేవాణ్ణి. మా లంకలో అందరికీ వచ్చిన నిలబడ్డం అదొక్కటే. బరువంతా కుడికాలు మీద, నడుం కాస్త వెనక్కి, కర్ర ఎడమవైపు ఒంటికి అడ్డంగా. దోనె ఊగినా పడేవాణ్ణి కాదు. ఆ నిలబడ్డంలో ఎడమవైపు కర్ర ఉండేది. అడ్డంగా కర్ర ఉండేది, అవునా?"

"ఉండేదేమో."

"మీరే తీయించేశారు. ఇది సాము కాదురా, దోనె తొయ్యడం, జనం నవ్వుతారు అన్నారు. కర్ర పైకెత్తించారు. తలమీద తిప్పించారు."

"చూడ్డానికి బాగుండాలి కదరా. గెడ వేసేవాణ్ణి చూడ్డానికి ఎవడొస్తాడు? నీ చేతులు బ్రహ్మాండమైన చేతులు. అవి పైన ఆడుతుంటే కాలు వంక ఎవడూ చూడడు. నీ కాలు కనపడకూడదని అలా చేయించాను."

"ఎవరూ కొట్టరని తెలుసు కాబట్టి చేయించారు."

"నీ మేలుకోరి చేయించాను."

"రామకోటి కూడా మొదట అలాగే నిలబడ్డాడండి. వాడూ దోనెలో పెరిగినవాడే. మూడేళ్ళ క్రితం దుర్గమ్మ వాణ్ణి దోనెలో కూర్చోబెట్టుకుని మా లంకకి తీసుకొచ్చింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి కాలు సన్నబడిపోయిందంట, నాకొచ్చినట్టే. వీణ్ణి నీలాగ చెయ్యి చిన్నరాజూ అంది. వాడు కర్ర తీసుకుని, నేనేమీ చెప్పకముందే, గెడ పట్టినట్టు ఎడమవైపు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నేనేమన్నానో తెలుసా అండి?"

"పోనీలేరా."

"ఇది సాము కాదురా, దోనె తొయ్యడం, జనం నవ్వుతారు అన్నాను. మీ మాటే. అచ్చు మీ గొంతుతోనే అన్నాను. వాడు నవ్వి, కర్ర పైకెత్తాడు. ఆ కర్ర నేను ఎత్తించకపోతే మొన్న డొక్కలో ఆ దెబ్బ పడేది కాదు."

"నువ్వేం చేస్తావు, నీకేం తెలుసు?"

"నాకు తెలియదు. మీకు తెలుసు. మూడేళ్ళయింది మా లంకలో సాము నేర్పడానికి నేను గరిడీ పెట్టి. మీరే వచ్చి కొబ్బరికాయ కొట్టారు. పద్దెనిమిది మందిని వరసగా నిలబెట్టి చూపించాను మీకు. అందరూ కర్రలు పైకెత్తి, ఎడమవైపు ఖాళీగా పెట్టుకుని నిలబడ్డారు. ఆ రోజైనా నన్ను పక్కకి పిలిచి ఒరే చిన్నరాజూ, ఇది ఇలా కాదురా అని ఒక్కమాట అనొచ్చుగా. అన్నారా?"

"ఆ రోజు నీ సంతోషం చూసి అనలేకపోయాను."

"భలే నేర్పావురా అన్నారు. భుజం తట్టారు."

"అన్నాను. ఏమనమంటావు? పదకొండు ఊళ్ళలో నీకు పేరుంది. అది నేను పెట్టిన పేరని చెప్పమంటావా నీ శిష్యుల ముందు? నాకు పిల్లల్లేరు చిన్నరాజూ. నిన్ను చూసుకునే ఆ లోటు మర్చిపోయాను. నీ మొహం చిన్నబోతే చూడలేను. అదే నా తప్పు. ఇంకేం లేదు."

"చాల్లెండి గురువుగారూ."

"ఏంట్రా, కళ్ళు తుడుచుకుంటున్నావా?"

"లేదండి."

"ఏడిస్తే ఏడువు. ఎవరున్నారిక్కడ? నేనూ ఏడ్చాను రామకోటి సంగతి విని. సూర్యకాంతాన్నడుగు."

"సూర్యకాంతాన్ని అడగనవసరం లేదండీ. నేను ఇక్కడే ఉన్నాను."

"లోపలికెళ్ళమన్నానుగా నిన్ను."

"వెళ్ళి వచ్చానండి. చిన్నరాజూ, నువ్వు మజ్జిగ ముట్టుకోలేదు. ఆసుపత్రిలో దుర్గమ్మ కూడా ఇంతే, ఏమీ ముట్టుకోదు. జావ కాచి తీసుకెళ్తే కొడుక్కి పట్టి, తను మాత్రం గోడకానుకుని కూర్చుంటుంది."

"నువ్వు ఆసుపత్రికి వెళ్ళావా?"

"నాలుగుసార్లు వెళ్ళానండి."

"నాకు చెప్పకుండానా?"

"మీరు అడగలేదండి."

"నాకు తెలియదమ్మా మీరు వచ్చినట్టు. జావ ఎవరో ఏలూరు ఆవిడ తెస్తున్నారని దుర్గమ్మ అంది గానీ, మీరనుకోలేదు."

"పేరు చెప్పలేదు నాయనా. చెప్పబుద్ధి కాలేదు."

"సరే, సరే. అయిందేదో అయింది. చిన్నరాజూ, ఇటు చూడు. ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?"

"ఏం చెయ్యనండి? మొన్నట్నించి గరిడీ తలుపు తియ్యలేదు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు పంపేస్తున్నాను. పద్దెనిమిది మందిలో ఐదుగురు నాలాంటివాళ్ళేనండి. ఒకడికి కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది. వాడికి కర్ర చంకలో ఇరికించి మోచేత్తో తిప్పడం నేర్పాను. ఎంత కష్టపడ్డాడో. ఇంకొకడికి ఒక కన్నే కనపడుతుంది. వాడు తల తిప్పుకుంటూ ఉండేలా అడుగు వేయించాను. అవన్నీ నేనే కనిపెట్టి చెప్పాను, మీరు చెప్పినవి కావు. ఇప్పుడు వాటి మీదా నాకు నమ్మకం లేదు. వాళ్ళ మొహం ఎలా చూడను? గెలిచానని చెప్పుకునే కదా వాళ్ళకి నేర్పింది."

"నేనొక మాట చెప్తాను, వింటావా?"

"చెప్పండి."

"మూసెయ్."

"గరిడీనా అండి?"

"గరిడీనే. నీ మంచికే చెప్తున్నాను. ఇవాళ రామకోటి, రేపు ఇంకొకడు. ఎవడైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటే దుర్గమ్మలా ఊరుకుంటారా అందరి తల్లులూ? నువ్వు తట్టుకోలేవు. కాళ్ళూ చేతులూ సరిగా ఉన్న ఆ పదముగ్గురినీ నా దగ్గరికి పంపు. వాళ్ళ ఎడమవైపు నేను సరిచేస్తాను. ఆరునెలల పని."

"మిగతావాళ్ళని?"

"వాళ్ళకి సామెందుకురా? పాపం, ఏ బీడీలు చుట్టుకునో బతుకుతారు."

"నాకెందుకు నేర్పారు మరి?"

"నువ్వు వేరు."

"నేనేం వేరండి? ఇప్పుడేగా చెప్పారు, నేనూ గెలవలేదని."

"వేరన్నానా, వేరే. నువ్వు నా దగ్గరికొచ్చెయ్. నా పక్కన కూర్చో."

"కూర్చునా?"

"ఆ. కూర్చుని కర్రలవీ చూసుకో. పిల్లలకి లెక్కపెట్టు. ఇల్లుంది, సూర్యకాంతం ఇంత వండుతుంది. నిన్ను చూసి ఎవడూ నవ్వడు. ఇన్నేళ్ళూ నిన్ను కాసుకొచ్చాను, ఇకముందు కాసుకోలేనా? నిజం చెప్తే నాకూ తోడు కావాలిరా. నీకు తెలుసుగా, ఇప్పుడీ గరిడీకి ఎవరొస్తున్నారు? నలుగురు. వాళ్ళూ వానొస్తే రారు. కొల్లేటి చుట్టూ ఊళ్ళన్నీ నిన్నే పిలుస్తున్నాయి. మూడేళ్ళుగా తీర్థానికి నన్ను పిలిచినవాడు లేడు. నేనేమైనా అన్నానా? పైకొస్తున్నాడులే అని సంతోషించాను."

"సంతోషించారా అండీ?"

"నువ్వు మాట్లాడకు సూర్యకాంతం."

"మాట్లాడలేదండి. అడిగాను."

"ఆ ఊళ్ళ పెద్దలకి నువ్వే చెప్పు చిన్నరాజూ. నా వల్ల కాదండీ, ఇకమీద కోదండరామయ్యగారినే పిలవండి అని. నీ నోటితో చెప్తేనే బాగుంటుంది. పోయిన పరువు కూడా దక్కుతుంది."

"చెప్పమంటారా?"

"చెప్పమంటాను. ఏం, ఇష్టం లేదా?"

"ఇష్టమని, లేదని ఏముందండి ఇంకా? పొద్దున్న వచ్చేటప్పుడు మీ మీద ఎంత కోపమొచ్చిందో. మిమ్మల్ని నానామాటలూ అనాలని దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చాను. ఒక్కటీ గుర్తు రావడం లేదు. మీరన్నదీ నిజమే. జాలిపడ్డారు. అబద్ధమే చెప్పారనుకోండి, నామీద ఇష్టంతోనే చెప్పారు. కాలు విరిగింది నేను నేర్పినవాడికి. ఆ పాపం నాది. మీది కాదు."

"అలా అనుకోకు. ఇద్దరం పంచుకుందాం."

"నాదేనండి. సరే. మీరు చెప్పినట్టే చేస్తాను. ఎల్లుండి వాళ్ళందరినీ పిలిచి చెప్పేస్తాను. ఊళ్ళవాళ్ళకీ చెప్తాను. ఏదో, మీ పక్కన ఇంత చోటిస్తానన్నారు. అదే పదివేలు. ఒక్కసారి కాళ్ళు ఇలా ఇవ్వండి గురువుగారూ. వచ్చినప్పుడు దండం కూడా పెట్టలేదు."

"ఎందుకురా ఇప్పుడు."

"పెట్టనివ్వండి."

"వద్దు నాయనా. వంగకు."

"ఏంటే నువ్వు మధ్యలో?"

"వంగకు చిన్నరాజూ. ఆ కాళ్ళకి దండం పెట్టకు. లే."

"ఏంటండి అమ్మగారూ?"

"సూర్యకాంతం, లోపలికెళ్ళు."

"వెళ్తానండి. ఇంక ఎటు వెళ్ళమంటే అటు వెళ్తాను. ఇది చెప్పి వెళ్తాను. చెప్పకపోతే రేపు దుర్గమ్మ ముందుకి జావ పట్టుకెళ్ళలేను నేను."

"నోరు మూసుకుంటావా, లేదా?"

"తొమ్మిది రోజులు మూసుకున్నానండి. అప్పుడు నాకు అర్థం కాలేదు నాయనా. మామూలు సామే అనుకున్నాను, ఎవరో కొత్తగా నేర్చుకోవడానికి వచ్చారనుకున్నాను. ఆసుపత్రిలో ఆ పిల్లాడి డొక్క మీద కమిలిన చోటు చూశాక అర్థమయింది."

"ఏం అర్థమయిందమ్మా?"

"షష్ఠికి ముందు పన్నెండు రోజులు ఆ అత్తిలి వెంకట్రాజు ఈ ఇంట్లోనే ఉన్నాడు చిన్నరాజూ, నేనే వండిపెట్టాను. రోజూ తెల్లారేసరికి ఈయన పెరట్లో ఎడమకాలు సగం మడిచి, కర్ర పైకెత్తి అచ్చం నీలాగే నిలబడేవారు. ముందు ఎక్కడ కొట్టాలో, తరవాత ఎక్కడ కొట్టాలో అతనికి తన ఒంటిమీదే చూపించేవారు."